కాడి మెడతో సభకెళ్ళిన ఎద్దు

రాజు లేని అడవి ఒకటుండేది. మొదట్నుంచీ లేడని కాదు. సముద్రాలకి అవతల ఎక్కడో ఒక సింహం కూర్చుని, ఆ అడవి నాదే అనేది. ఒక్కనాడూ వచ్చి చూసిన పాపాన పోలేదు. గర్జన మాత్రం ఓడలెక్కి వచ్చేది. ఆ గర్జన వెంట వచ్చిన దూతలు కనబడిన ప్రతిదాంట్లో వాటా అడిగేవారు. చివరికి జంతువులకి విసుగెత్తింది. దూతల్ని తరిమికొట్టి, "ఇకమీద మాకు మేమే" అన్నాయి.

అన్నాక అసలు చిక్కు మొదలైంది. పొద్దున్నే లేచి ఎవరికి దణ్ణం పెట్టాలి? దణ్ణం సంగతి ఎలా ఉన్నా, తిట్టుకోడానికి పైన ఒకడు లేకపోతే ఎలాగని కప్ప బెంగ పెట్టుకుంది. ఆ బెంగ చూడలేక సభ ఒకటి పెట్టుకున్నారు. కొండవాలులో గుండ్రంగా పదమూడు రాళ్ళు వేసి, పేటకొక సభ్యుడు చొప్పున కూర్చోవాలన్నారు. పైన కొమ్మ మీద గుడ్లగూబ గూబయ్య అధ్యక్షుడు. సరే అనేవాడు తోకెత్తాలి, వద్దనేవాడు తోక దించాలి. కప్పకి తోక లేదు గనక అరిస్తే చాలన్నారు. చీకటి పడితే అధ్యక్షుడికి వేట వేళ, కాబట్టి సభ ముగిసినట్టే.

వేటాడేవాళ్ళూ మేసేవాళ్ళూ ఒకే చోట కూర్చోవాలి కదా. అందుకని మొట్టమొదటి చట్టం ఇది: సభలో ఎవరి మెడనీ ఎవరూ ముట్టుకోరాదు. ఈ మాట చెవిన పడ్డాకే బాతు లోపలికి వచ్చింది. రెండో చట్టం: ఏడు రాళ్ళయినా నిండితేనే అది సభ, లేకపోతే ఉత్త ముచ్చట్లు. మెలకువగా ఉండీ రాని సభ్యుణ్ణి అధ్యక్షుడి వేటకుక్కలు లాక్కొస్తాయన్నది మూడో చట్టం.

వాగొడ్డు పేటకి సభ్యుణ్ణి ఎన్నుకోవాల్సి వచ్చింది. అక్కడుండేది గొర్రెలు, మేకలు, ఆవులు, ఒక రైతు. రైతుకి ఓటు లేదు. నిలబడింది ఇద్దరు: ఒక పుంజు, ఒక ఎద్దు. పుంజు వారం ముందునుంచీ ఇంటింటికీ గింజలు పంచి, గొంతు బొంగురుపోయేలా ఉపన్యాసాలిచ్చింది. ఎద్దు పేరు నిదానయ్య. ఆయనగారు తను పోటీలో ఉన్న సంగతే సరిగ్గా తెలియకుండా నెమరేసుకుంటూ నిలబడ్డాడు. ఎవరు కావాలో వాళ్ళ వెనక నిలబడాలన్నది పద్ధతి. సరిగ్గా అప్పుడే ఎముకలు కొరికే ఈదురుగాలి లేచింది. పుంజు వెనక నిలబడితే గాలి ఆగుతుందా? పేటంతా వెళ్ళి ఎద్దు చాటున నక్కింది. లెక్క చూసి, నిదానయ్య గెలిచాడన్నారు.

"ఏం గెలిచాను?" అనడిగాడు నిదానయ్య.

"సభ్యుడివయ్యావురా తమ్ముడూ," అంది ఉన్నమ్మ. ఆ పేటలో అందరికంటే పెద్ద గొర్రె.

"అయితే ఏం చెయ్యాలక్కా?"

"మాకేం తెలుసు? వెళ్ళు. వెళ్ళి మా మంచి చూడు."

నిదానయ్య వెళ్ళాడు. పగలు రైతు చేలో దున్నేవాడు, సాయంత్రం సభలో కూర్చునేవాడు. వానొచ్చినా వరదొచ్చినా ఒక్క సభ ఎగ్గొట్టలేదు. అదొక్కటే ఆయన గొప్ప. అక్కడ జరిగే సంగతులు సగం అర్థమయ్యేవి కావు. ఒకరు లేచి సరే అంటే నిజమే కదా అనిపించేది, ఇంకొకరు లేచి వద్దంటే అదీ నిజమే కదా అనిపించేది. మొన్నటి మాట తేలి, నిన్నటి మాట నడుస్తుండగా, నిదానయ్య ఇంకా అటుమొన్నటి మాట నెమరేస్తూ ఉండేవాడు. "ఎద్దు ఈనిందంటే దూడని కట్టెయ్యమనే సభలో, ఎద్దే నయం" అని తాబేలు వెనకేసుకొచ్చేది.

ఆ సభలో నక్క చతురయ్యకి తిరుగులేదు. తనూ, రెండు తోడేళ్ళూ, అడవిపిల్లీ, డేగా, ఎవరు గెలిస్తే వాళ్ళ ఎంగిలి తినే కాకీ కలిసి ఆరుగురు. ఇటు నిదానయ్య, ఎలుగుబంటి, తాబేలు, పాము, కప్ప, బాతు, కొంగ కలిసి ఏడుగురు. ఆ ఒక్కటీ ఎలా తగ్గించాలా అన్నదే చతురయ్య పగలూ రాత్రీ చేసే ఆలోచన.

దుక్కుల కాలంలో దారి దొరికింది. ఓ సాయంత్రం పని తెమలక, సభకి ఆలస్యమవుతుందన్న కంగారులో నిదానయ్య మెడమీద కాడితోనే పరుగెత్తుకొచ్చి రాతిమీద కూర్చున్నాడు. చతురయ్య లేచాడు.

"అధ్యక్షా, ఆ మెడమీద ఏముంది?"

"కాడి," అన్నాడు గూబయ్య.

"కాడి ఎవరిది?"

"రైతుది."

"కాడి రైతుదైతే కాడి కింద మెడ ఎవరిది? ఆ మెడలోంచి వచ్చే మాట ఎవరిది? రాజు పెత్తనం వద్దని ప్రాణాలకి తెగించిన మనం, యజమాని ఉన్నవాడి మాటని లెక్కలో వేస్తామా?"

రాజు పేరెత్తితే చాలు, ఆ సభలో అందరికీ రోమాలు నిక్కబొడుచుకునేవి. బాతుకి ఈకలు నిక్కబొడుచుకున్నాయి. మెడమీద కాడి ఉన్నవాడు కూర్చున్నా ఆ రాయి ఖాళీ కిందే లెక్క అని అప్పటికప్పుడు చట్టం చేశారు. వాదన బాగానే ఉంది కదా అని నిదానయ్య కూడా తోకెత్తాడు.

"తమరి తోక లెక్కలోకి రాదు," అన్నాడు గూబయ్య.

"ఎప్పట్నుంచి?"

"ఇప్పట్నుంచే."

ఆ వెంటనే చతురయ్య రెండో మాట బయటికి తీశాడు. వాగు రేవుకి కాపలా ఉండాలి, కాపలాకి తోడేళ్ళుండాలి అన్నాడు. అటు ఆరు, ఇటు ఆరు వచ్చాయి. సమానమైతే అధ్యక్షుడే తేల్చాలి. చీకటి పడుతోంది, గూబయ్యకి ఆకలేస్తోంది. "సరే, సరే" అనేసి ఎగిరిపోయాడు.

ఆ ఎండాకాలం ఉన్నమ్మ మనవరాలు, తెల్లటి బుజ్జి గొర్రెపిల్ల, నీళ్ళు తాగడానికి రేవుకి వెళ్ళి తిరిగి రాలేదు. "ఈదుకుంటూ అవతలికి పోయింది" అన్నాయి తోడేళ్ళు. గొర్రెలు ఈదుతాయా అని అడిగినవాడు లేడు. కంచే చేను మేస్తే కాపు ఏం చేస్తాడు? ఉన్నమ్మ నిదానయ్యని ఒక్క మాట అనలేదు. తిట్టినా బాగుండేదని ఏడ్చాడు నిదానయ్య. తను కాడితో సభకెళ్ళడం వల్లనే ఆ పిల్ల పోయిందన్న సంగతి, ఎంత నిదానంగా నెమరేసినా, ఆయనకి అరగలేదు.

ఇక మిగిలింది ఉప్పునేల. కొండ కింద తెల్లగా ఉప్పు పేరిన జాగా అది. చలికాలం పచ్చిక మంచు కింద పడిపోతే, మేసేవాళ్ళందరికీ ఒంట్లో సత్తువ నిలబెట్టేది ఆ ఉప్పే. చూడి గొర్రెలకైతే మరీనూ. దానికీ తోడేళ్ళనే కాపలా పెట్టాలని చతురయ్య రెండుసార్లు అడిగాడు, రెండుసార్లూ ఏడుగురూ వద్దన్నారు. చతురయ్య నవ్వి ఊరుకున్నాడు. ఆ నవ్వుకి అర్థం మంచు పడ్డాక తెలిసింది.

మంచు పడగానే ఎలుగుబంటి "ఓ కునుకు తీసొస్తా" అని గుహలో దూరింది. పాము నేల్లోకి, కప్పా తాబేలూ బురదలోకి పోయాయి. బాతూ కొంగా వెచ్చని దేశాలకి ఎగిరిపోయాయి. ఏటా అంతే, అందుకే చలికాలం సభ పెట్టేవారు కాదు. ఆ ఏడు చతురయ్య పెట్టించాడు. స్వయంగా కొట్టం దగ్గరికి వచ్చాడు కూడా.

"నిదానయ్య బావగారూ! సాయంత్రం సభ. ఉప్పునేల సంగతి."

"మంచు మోకాళ్ళ దాకా ఉందయ్యా."

"తోడేళ్ళ చేత దారంతా ఊడిపించాను. దారిపొడుగునా ఎండుగడ్డి కూడా వేయించాను. తమరు మేస్తూ రావడమే."

"నేను వద్దనే అంటాను సుమా!"

"అనండి! గట్టిగా అనండి! వద్దనేవాడు లేకపోతే సభకి అందమేముంది?"

నిదానయ్యకి కళ్ళు చెమ్మగిల్లాయి. పగవాడైనా ఎంత మర్యాదస్తుడో అనుకున్నాడు. ఆ సాయంత్రం వెళ్ళి, రాతిమీద కూర్చుని, ఉప్పు పుట్టుక దగ్గర్నుంచి మొదలుపెట్టి వద్దు, వద్దు, వద్దని మాట్లాడాడు. ఆయన మాట్లాడే వేగం మీకు తెలుసు. మాట పూర్తయ్యేసరికి చీకటి పడిపోయింది.

"రేపు సాయంత్రం రాగానే తోకలే, ఉపన్యాసాలు లేవు," అని గూబయ్య వేటకెళ్ళిపోయాడు. చతురయ్య పళ్ళు కొరికి, మళ్ళీ నవ్వి, బావగారిని సాగనంపించాడు.

కొట్టంలో గొర్రెలన్నీ మేలుకునే ఉన్నాయి. నిదానయ్య జరిగిందంతా చెప్పాడు. ఉన్నమ్మ అంతా విని అడిగింది.

"వాళ్ళెంతమంది?"

"ఆరుగురక్కా."

"నీవాళ్ళు?"

"నేనే."

"అయితే రేపు ఓడిపోతావుగా?"

"ఓడిపోతాను. కానీ గట్టిగా ఓడిపోతాను."

మేకలు తలలూపాయి. ఉన్నమ్మ ఊపలేదు. "ఎలాగూ ఓడిపోయేవాడి కోసం చతురయ్య దారెందుకు ఊడిపించాడురా? గడ్డెందుకు వేయించాడు? నా బతుకులో తోడేలు నాకు దారి ఊడ్చిందంటే, ఆ దారి ఎక్కడికో నాకు తెలుసు. అతి వినయం ధూర్త లక్షణం."

"మర్యాదేమో అక్కా."

"సరే, నువ్వు వెళ్ళకపోతే ఏమవుతుంది?"

"వాళ్ళు ఆరుగురే ఉంటారు."

"ఆరుగురుంటే?"

నిదానయ్య నమలడం ఆపాడు. ఆయన నమలడం ఆపడం ఆ కొట్టంలో ఎవరూ అంతకుముందు చూడలేదు. "ఏడు రాళ్ళయినా నిండితేనే సభ," అన్నాడు మెల్లిగా. "అంటే... నేను వద్దనడానికి వెళితేనే వాళ్ళకి సరే అనే వీలు కలుగుతుందా?"

కొట్టంలో గగ్గోలు లేచింది. వెళ్ళకపోతే వద్దన్నట్టు ఎలా అవుతుందని మేకపోతు. వెళితే సరే అన్నట్టు ఎలా అవుతుందని ఆవు. వద్దన్నా సరే అయినప్పుడు, సరే అంటే వద్దవుతుందేమో చూడమని ఓ కుర్ర గొర్రె. ఎవరు చెప్పింది విన్నా నిదానయ్యకి నిజమే కదా అనిపించింది.

"వెళ్ళకురా," అంది ఉన్నమ్మ. "ఇక్కడే పడుకో."

"కుదరదక్కా. సభ్యుడు రాకపోతే గూబయ్య వేటకుక్కల్ని పంపి లాక్కుపోతాడు. అదీ చట్టమే." అన్నాడు నిదానయ్య. "రేవు పోయిందీ నా వల్లనే. ఇప్పుడు ఉప్పూ నా వల్లనే పోతుంది. వెళ్ళినా తప్పే, మానినా తప్పే. గాలికి గెలిచినవాణ్ణి, నాకెందుకొచ్చిన సభ అక్కా!"

ఉన్నమ్మ దగ్గరికొచ్చి పక్కన పడుకుంది. "నాకు చట్టాలు తెలియవు. నువ్వు నెమరెయ్యి. ఎంతసేపైనా వెయ్యి. నీకు వచ్చిన విద్య అదేగా."

నిదానయ్య నెమరేశాడు. మొన్నటి మాటా, అటుమొన్నటి మాటా, ఎండాకాలం మాటా, దుక్కుల కాలం మాటా ఒక్కొక్కటే పైకి తెచ్చి నమిలాడు. తెల్లారుతుండగా ఏదో గట్టిగా పంటికింద పడ్డట్టు తలెత్తి గోడవైపు చూశాడు. అక్కడ మేకుకి కాడి వేలాడుతోంది.

సాయంత్రం వేటకుక్కలు రానే వచ్చాయి. నిదానయ్య ఎదురు చెప్పకుండా నడిచాడు. ఊడ్చిన దారిలోనే నడిచాడు, గడ్డి కూడా తిన్నాడు. పెట్టినవాడు ఎవడైతేనేం, గడ్డి గడ్డే.

చతురయ్య కళ్ళు రాళ్ళమీదే ఉన్నాయి. "రండి బావగారూ, రండి! మీ రాయి తుడిపించి ఉంచాను." గెలుపు ఎదురుగా కనబడుతుంటే వచ్చినవాడి మెడమీద ఏముందో ఎవరు చూస్తారు? నిదానయ్య కూర్చున్నాడు. గూబయ్య తల గుండ్రంగా తిప్పుతూ లెక్కపెట్టాడు. తోడేలు, తోడేలు, అడవిపిల్లి, డేగ, కాకి, నక్క. ఎద్దు దగ్గరికొచ్చి ఆగాడు. కళ్ళు చికిలించాడు. మళ్ళీ మొదట్నుంచి లెక్కపెట్టాడు.

"ఆరు. సభ లేదు," అన్నాడు.

"ఏడో రాయి?" అన్నాడు చతురయ్య.

"ఖాళీ."

"ఖాళీయా? కొండలా కూర్చునుంటే!"

"చట్టప్రకారం ఖాళీ. మెడమీద కాడి ఉంది."

"ఏ చట్టం?"

"తమరు పెట్టిందే."

చతురయ్య అప్పుడు చూశాడు. నున్నగా అరిగిన కట్టెకాడి, ఉన్నమ్మ పళ్ళతో బిగించిన చీల.

"తీసెయ్యండి! ఆ కాడి తీసెయ్యండి!" అన్నాడు చతురయ్య. తోడేలు ముందుకి దూకింది.

"మెడ!" అని అరిచాడు గూబయ్య. "సభలో ఎవరి మెడనీ ఎవరూ ముట్టుకోరాదు."

"అయితే బావగారూ, తమరే తీసేసుకోండి."

"నా గిట్టలు చూడవయ్యా. రైతే తీయాలి. పొద్దున తీస్తాడు, పని వేళకి మళ్ళీ వేస్తాడు. చలికాలమంతా దుంగలు లాగే పనుంది."

"అయితే ఆ చట్టాన్నే రద్దు చేద్దాం!" అన్నాడు చతురయ్య. "ఇప్పుడే, ఇక్కడే! తోకలెత్తండి!"

ఆరు తోకలు లేచాయి.

"రద్దు చెయ్యాలంటే సభ ఉండాలి," అన్నాడు గూబయ్య.

"ఇదేమిటి మరి?"

"ఆరుగురు."

"ఏడోవాడు ఎదురుగా ఉన్నాడుగా!"

"కాడి ఉంది."

"ఆ కాడి చట్టాన్నే రద్దు చేస్తున్నాంగా!"

"సభ లేదు."

"సభ ఎందుకు లేదు?"

"కాడి ఉంది."

చతురయ్య తన తోక పట్టుకోబోయిన కుక్కపిల్లలా అక్కడే రెండు చుట్లు తిరిగాడు. "అయితే మనమిప్పుడు ఎక్కడున్నట్టు?" అని అడిగింది కాకి.

"మంచులో," అన్నాడు నిదానయ్య.

చతురయ్య ఆగాడు. కళ్ళలో మెరుపొచ్చింది. "అధ్యక్షా, ఇది సభ కాదంటారు. సభ కాకపోతే, సభలో మెడ ముట్టుకోరాదన్న చట్టమూ ఇక్కడ లేనట్టే కదా?"

గూబయ్య ఆలోచనలో పడ్డాడు. తోడేళ్ళు పడలేదు. రెండూ లేచి, చెరో పక్కనుంచీ ఎద్దువైపు అడుగులేశాయి. నిదానయ్యకి భయమేసింది. అయినా కదల్లేదు. రేవు దగ్గర ఆ బుజ్జి గొర్రెపిల్లకి అడ్డంగా ఎవరూ నిలబడలేదు కదా అనుకున్నాడు. తల మెల్లిగా కిందికి వంచాడు. కాడికి అటొకటీ ఇటొకటీ రెండు కొమ్ములూ తోడేళ్ళకి ఎదురయ్యాయి.

"సభ అయితే చట్టం," అన్నాడు. "సభ కాకపోతే కొమ్ములు. ఏది కావాలో తేల్చుకోండి. తొందరేం లేదు. నేనెలాగూ నిదానమే."

తోడేళ్ళు చతురయ్య వైపు చూశాయి. చతురయ్య గూబయ్య వైపు చూశాడు. గూబయ్య చీకటి వైపు చూసి, "వేట వేళయింది" అని ఎగిరిపోయాడు. ఆ వెనకే కాకి, కాకి వెనక డేగ. ఇక అక్కడ మిగిలేందుకు తోడేళ్ళకీ మనసొప్పలేదు.

ఆ చలికాలమంతా చతురయ్య సభ పిలుస్తూనే ఉన్నాడు, ఎద్దు కాడితో వస్తూనే ఉన్నాడు. ఒక్కటీ ఎగ్గొట్టలేదు. గొర్రెలు ఉప్పు నాకాయి, వసంతానికి పిల్లల్ని పెట్టాయి. ఎలుగుబంటి ఆవలిస్తూ వచ్చి, "ఏమైనా జరిగిందా?" అని అడిగింది. ఎక్కడ మొదలుపెట్టాలో ఎవరికీ తెలియలేదు. అందరూ తిరిగొచ్చాక పెట్టిన మొదటి సభకి నిదానయ్య కాడి లేకుండా వచ్చాడు, ఏడుగురూ కలిసి రేవు కాపలా తీసేయించారు. కాడి చట్టం రద్దు చేద్దామని చతురయ్యే లేచాడు. నిదానయ్య ఈసారి ఆలోచించుకుని, వచ్చే చలికాలానికి పనికొస్తుందని తోక దించాడు.

మళ్ళీ ఎన్నికలొచ్చాయి. మళ్ళీ పుంజే, మళ్ళీ గింజలే. నిదానయ్య వెళ్ళి మైదానంలో నిలబడ్డాడు. ఎండ చక్కగా కాస్తోంది. కాసేపటికి వెనక ఊపిర్లు వినబడ్డాయి. తిరిగి చూస్తే పేటంతా అక్కడే ఉంది. కొత్తగా పుట్టిన గొర్రెపిల్లలు కాళ్ళమధ్య దూరుతున్నాయి.

"అక్కా," అన్నాడు అయోమయంగా, "గాలి వీస్తోందా?"

"లేదురా తమ్ముడూ," అంది ఉన్నమ్మ. "ఆకు కూడా కదలడం లేదు."

నీతి: ఒకడి మెడ కొలిచి చట్టం చేసేవాడు ముందు తన మెడ పెట్టి చూసుకోవాలి.